వెనిస్‌లో రెండు రాత్రులు: హనుమకొండ నుంచి మొదటిసారి వెళ్తున్నాము, సలహాలు కావాలి

భద్రకాళి_గట్టు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ పొందాను. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే అక్టోబరులో మేమిద్దరం అతని దగ్గర నెల రోజులు ఉండడానికి వెళ్తున్నాము. ఆ నెలలో మూడు రోజులు తీసి వెనిస్ చూసి రావాలని నా కోరిక. పిల్లలకు భూగోళం పాఠంలో కాలువలే వీధులుగా ఉన్న ఊరని చెప్పడమే గాని, నేనెన్నడూ చూడలేదు.

అబ్బాయికి సెలవు దొరకదు కాబట్టి మేమిద్దరమే వెళ్తాము. ఇంగ్లీషుతో నెట్టుకు రాగలము, ఇటాలియన్ రాదు. మావారికి మోకాలి నొప్పి ఉంది. మెట్లు ఎక్కగలరు గాని ఆగి ఆగి ఎక్కాలి. ఇద్దరమూ శాకాహారులము. రెండు రాత్రులకు ఊరిలోనే గది తీసుకోవాలా, లేక గది సగం ధరకే దొరుకుతున్న పక్క ఊరు మెస్త్రేలో ఉండాలా? ఏవి చూడాలి, ఏవి నిస్సంకోచంగా వదిలేయవచ్చు? జర్మనీ వీసాతో ఇటలీ వెళ్లవచ్చునా? గొండోలా ఎక్కకుండా వస్తే వెనిస్ వెళ్లినట్టేనా అని మా తోడికోడలు ఇప్పటి నుంచే అడుగుతున్నది. దానికీ జవాబు చెప్పగలరు.

కాజీపేట_జంక్షన్ (కాజీపేట)

నమస్కారం మేడమ్. వీసా సంగతి ముందు చెబుతాను. షెంగెన్ వీసాకు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకటే వీసాకు, ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే దరఖాస్తు చేయాలి. మీకది జర్మనీ. ఆ వీసాతోనే ఇటలీలోనూ, దారిలో వచ్చే ఆస్ట్రియాలోనూ తిరగవచ్చు. పెద్దవారికి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా షెంగెన్ దేశాలన్నింటికీ వర్తించేటట్టు తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు గనుక చివరి నెల దాకా ఆగకండి. వెనిస్ రైలులో పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉండాలి. సరిహద్దు దగ్గర పోలీసులు ఎక్కి అడిగే సందర్భాలు ఉంటాయి.

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా పగటి రైలులో సుమారు ఏడు గంటల ప్రయాణం. కిటికీ పక్క సీటు తీసుకోండి, ఆల్ప్స్ కొండలు చూస్తుంటే పొద్దు తెలియదు. ఇక రైల్వేలో ముప్పై ఏళ్లు చేసినవాడిగా చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటి ఉంది. అక్కడ వెనెత్సియా (వెనిస్‌కు ఇటాలియన్ పేరు) అనే పేరుతో రెండు పెద్ద స్టేషన్లు వస్తాయి. మొదటిది వెనెత్సియా మెస్త్రే, అది నేల మీది ఊరు. దాని తరువాత రైలు సరస్సు మీది వంతెన దాటి, పది నిమిషాల్లో వెనెత్సియా సాంతా లూచియాకు చేరుతుంది. పేరు చూసి తొందరపడి మెస్త్రేలో దిగడమంటే, కాజీపేటలో దిగి వరంగల్ కోట ఎటు అని అడిగినట్టే. ఆ రైలు వంతెన 1846లో కట్టింది. మోటారు బండ్ల వంతెన 1933లో గాని రాలేదు. ఆ బండ్లు కూడా పియజ్జాలే రోమా అనే చోట ఆగిపోవలసిందే, ఆపైన నడక లేదా పడవ.

మానేరు_తీరం (కరీంనగర్)

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. వెనిస్‌కు రెండు రాత్రులు అక్కరలేదు, ఒక పగలు చాలు. మేము నలుగురం 2023 మే నెలలో వెళ్లి, మెస్త్రేలో దిగి, పొద్దున పదింటికి ఊరిలోకి పోయి సాయంత్రం ఐదింటికి తిరిగి వచ్చాము. రియాల్తో వంతెన మీద ఫొటో తీసుకోవడానికి కూడా సందు లేదు. ఊరి ప్రధాన చౌకు సాన్ మార్కో దగ్గర ఒక కాఫీ హోటల్లో బల్ల దగ్గర కూర్చుని రెండు కాఫీలు తాగితే, బిల్లులో కాఫీకి ఒక పంక్తి, సంగీతానికి వేరుగా మరొక పంక్తి వేశారు. పాట పెట్టమని మేము అడగలేదు. ఆ డబ్బుతో మా ఊళ్లో వారం రోజులు టిఫిన్ చేయవచ్చు.

పాదువా_జగిత్యాల (పాదువా, ఇటలీ)

అన్నా, మీ బాధ నిజమే గాని, మీరు చూసింది వెనిస్‌ను కాదు, పదింటి నుంచి ఐదింటి దాకా ఉండే జాతరను. నేను జగిత్యాల అమ్మాయిని; పాదువాలో పరిశోధన చేస్తున్నాను. ఇక్కడి నుంచి వెనిస్ రైలులో అరగంట దూరం కాబట్టి చాలాసార్లు వెళ్లాను. ఆ పాత ఊరిలో ఇప్పుడు యాభై వేల మంది కూడా స్థిరంగా ఉండడం లేదు. పగలు వచ్చిపోయేవారి గుంపు మాత్రం ఆ ఊరు మోయలేనంత ఉంటుంది. అందుకే 2024 ఏప్రిల్ 25 నుంచి, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవారి దగ్గర కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది 29 రోజులు, 2025లో 54 రోజులు ఆ నిబంధన అమలైంది. 2024లో అందరికీ 5 యూరోలు; 2025లో ముందుగా కట్టినవారికి 5, చివరి మూడు రోజుల్లో కట్టినవారికి 10. రెండేళ్లూ ఏప్రిల్ నుంచి జులై మధ్యలోనే పెట్టారు కనుక అక్టోబరులో మీకు అడ్డు ఉండకపోవచ్చు, అయినా బయలుదేరే ముందు నగరపాలక సంస్థ వెబ్‌సైటు ఒకసారి చూడండి. ఊరిలో బస చేసేవారికి ఆ రుసుము ఉండదు. దానికి బదులు హోటల్ వారు మనిషికి, రాత్రికి ఇంత అని చిన్న పన్ను తీసుకుంటారు.

అమ్మా, మీరు తప్పకుండా ద్వీపాల మీదే గది తీసుకోండి. పొద్దున ఏడింటికి సాన్ మార్కో చౌకులో పావురాలు, ఊడ్చేవారు తప్ప ఎవరూ కనిపించరు. ఆ వేళకు కాలువల్లో సామాన్ల పడవలు తిరుగుతుంటాయి. చెత్త పడవ, కూరగాయల పడవ, కొరియర్ పెట్టెల పడవ అన్నీ వేరువేరు. గట్టుకు దించిన సరుకును తోపుడు బండి మీద తీసుకుపోతారు. ఆ బండికి వెనుక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్న చక్రాలు ఉంటాయి. వంతెన మెట్టు రాగానే చిన్న చక్రాలను పై మెట్టు మీద ఆనించి, పెద్ద చక్రాలను గుంజి ఎక్కిస్తారు; అట్లా ఒక్కొక్క మెట్టు. "ఆత్తెన్సియోనే" అని వెనుక నుంచి కేక వినబడితే వెంటనే గోడకు జరగండి, బరువుతో ఉన్న మనిషి ఆగలేడు. మెస్త్రేలో ఉన్నవారికి ఈ పొద్దుటి పూట దక్కదు. గది ధరలో తేడా దీనికే అనుకోండి.

రామప్ప_ఇసుక (ములుగు)

మెట్లు, వంతెనల గురించి నేను చెబుతాను, నా వృత్తి సివిల్ ఇంజనీరింగ్. వెనిస్ నూటికి పైగా చిన్న ద్వీపాల మీద ఉన్నది, వాటిని కలిపే వంతెనలు నాలుగు వందలకు పైమాటే. వాటిలో చాలావాటికి రెండు వైపులా మెట్లు ఉంటాయి. కింద పడవ పోవాలి గనుక వంతెన నడుమ ఎత్తుగా లేస్తుంది. సారుకు ఒక్కొక్కటి కష్టం కాదు, ఒకదాని వెంట ఒకటి రావడమే కష్టం. కాబట్టి హోటల్ ఎంచుకునేటప్పుడు నక్షాలో దూరం కాదు, పడవల రేవు నుంచి గది దాకా ఎన్ని వంతెనలు దాటాలో చూడండి. ఒక్క వంతెన కూడా లేని చోటు దొరుకుతుంది. చక్రాల పెట్టెలు పెద్దవి వద్దు. రెండు చిన్న సంచులు చాలు, మిగతావి అబ్బాయి దగ్గర పెట్టండి.

నాకు ఆ ఊరిలో అన్నిటికంటే నచ్చింది కంటికి కనిపించనిది. అక్కడ నేల గట్టిది కాదు, బురద. ఆ బురదలోకి ఓక్, లార్చ్ వంటి చెట్ల మొద్దులను పక్కపక్కనే దించి, వాటి మీద పలకలు పరచి, ఆపైన నీటిని పీల్చుకోని ఇస్త్రియా రాయి పేర్చి ఇళ్లు కట్టారు. గాలి తగలని బురదలో పుచ్చు పట్టించే క్రిములకు ప్రాణవాయువు అందదు కాబట్టి కర్ర శతాబ్దాల పాటు నిలుస్తుంది. 1630 నాటి ప్లేగు తరువాత మొక్కుగా కట్టిన సాంతా మరియా దెల్లా సాలూతే గుడి కింద పది లక్షలకు పైగా మొద్దులు ఉన్నాయని చెబుతారు. మన కాకతీయుల శిల్పులు నల్లరేగడి నేలలో పునాది గుంతను ఇసుకతో నింపి రామప్ప గుడినీ, వేయి స్తంభాల గుడినీ నిలబెట్టారు. అక్కడివారు బురదను కర్రతో గెలిచారు, ఇక్కడివారు రేగడిని ఇసుకతో గెలిచారు. వెనిస్‌కు, దాని ఉప్పునీటి సరస్సుకు 1987లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మన రామప్పకు 2021లో వచ్చింది. రామప్ప మెట్టు మీద కూర్చున్నవారికి సాలూతే మెట్ల మీద కూర్చోవడం కొత్తగా అనిపించదు.

పాదువా_జగిత్యాల (పాదువా, ఇటలీ)

కూర్చోవడం అన్నారు గనుక ఒక జాగ్రత్త. సాన్ మార్కో చౌకులో మెట్ల మీద, నేల మీద కూర్చుని తినడం నిషేధం, జరిమానా వేస్తారు. పావురాలకు గింజలు వేయడం కూడా 2008 నుంచి నిషేధమే. భద్రకాళి గుడి దగ్గర అలవాటుతో చేయి సంచిలోకి పోనీయకండి.

మోకాలి నొప్పికి మందు వాపొరెత్తో, అంటే నీటి బస్సు. ఒక్క టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు, అదే 48 గంటల టికెట్ 35 యూరోలు. మీ ఇద్దరికీ రెండోదే లాభం, ఎందుకంటే ఒక్క వంతెన తప్పించుకోవడానికి కూడా పడవ ఎక్కవచ్చు. ఎక్కే ప్రతిసారీ రేవులోని యంత్రానికి టికెట్ తాకించాలి. మరిచిపోతే తనిఖీలో టికెట్ ఉన్నా లేనట్టే లెక్క. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కనిపించేదే గ్రాండ్ కెనాల్. సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున పాములా మెలిక తిరిగి ఊరిని రెండుగా చీలుస్తుంది. 1వ నంబరు పడవ దాని మీద దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ ముప్పావు గంటలో సాన్ మార్కోకు చేరుస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఎక్కి, ముందు వైపు సీటు దొరికితే కదలకండి. మొదటి రోజుకు అదొక్కటే కార్యక్రమం అయినా చాలు.

గొండోలా ధర ప్రభుత్వం నిర్ణయించింది. పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు తరువాత 110. అది పడవకు, మనిషికి కాదు. ఐదుగురు దాకా ఎక్కవచ్చు. ఇద్దరికి మన డబ్బులో తొమ్మిది వేలకు పైనే అవుతుంది. తోడికోడలికి జవాబు కావాలంటే త్రాగెత్తో ఎక్కండి. గ్రాండ్ కెనాల్‌ను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే గొండోలా అది, మనిషికి 2 యూరోలు. సాంతా సోఫియా రేవులో ఎక్కితే రియాల్తో కూరగాయల అంగడి దగ్గర దింపుతుంది. రెండు మూడు నిమిషాలే గాని, ఫొటోలో గొండోలా గొండోలాయే.

శాసన_పాఠకుడు (వరంగల్)

ఇంతసేపూ ధరలు, మెట్లు చదువుతూ, ఓరుగల్లువారు వెనిస్‌లో మొట్టమొదట చూడవలసిన చోటు పేరు ఎవరు ఎత్తుతారా అని ఎదురుచూశాను. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను. మార్కో పోలో ఆ ఊరివాడు. 1254లో పుట్టి, 1324లో అక్కడే చనిపోయాడు. చైనా నుంచి సముద్ర మార్గంలో తిరిగివచ్చిన కథలో ఆయన "ముత్‌ఫిలి" అనే రాజ్యాన్ని వర్ణించాడు. అది మన మోటుపల్లి రేవు. 1244లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ శాసనం వేయించి, ఓడ మునిగినా విదేశీ వర్తకుల సరుకును రాజ్యం స్వాధీనం చేసుకోదని అభయం ఇచ్చాడు. ఆ రాజ్యాన్ని న్యాయంగా పాలించే రాణిని మార్కో పోలో పొగిడాడు, వజ్రాలను గురించి, సాలెగూడంత సన్నని వస్త్రాలను గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆయన ఆమెను చనిపోయిన రాజుకు భార్య అని రాశాడు. అది పొరపాటు, ఆమె గణపతిదేవుని కూతురు. వినికిడి మీద రాసినవాటిలో ఇటువంటివి దొర్లుతాయి.

రియాల్తోకు కొద్ది దూరంలో సాన్ జొవాన్ని గ్రిసోస్తొమో గుడి వెనుక "కోర్తే సెకొందా దెల్ మిలియోన్" అనే చిన్న ముంగిలి ఉన్నది. పోలో కుటుంబం ఇల్లు అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పాత కమాను, గోడకు ఒక ఫలకం ఉన్నాయి. టికెట్ లేదు, వరుస లేదు. ఆయనను సాన్ లొరెంజో గుడిలో సమాధి చేశారు గాని ఆ సమాధి ఆనవాలు దొరకలేదు. రుద్రమదేవి మరణం గురించి కూడా మనకు నిలిచింది 1289 నాటి చందుపట్ల శాసనమే.

మానేరు_తీరం (కరీంనగర్)

సార్, ఆ ముంగిలికి కొద్ది దూరంలోనే మేము తిరిగి ఉంటాము. ఎవరూ చెప్పలేదు. ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను.

భద్రకాళి_గట్టు (హనుమకొండ)

అందరికీ కృతజ్ఞతలు. శాసన పాఠకుడు గారి మాటతో నా ప్రయాణానికి ఒక అర్థం దొరికింది. నేను వేసుకున్న పట్టిక ఇది, తప్పులు దిద్దగలరు. మొదటి రోజు మధ్యాహ్నం చేరి 1వ నంబరు పడవ. రెండో రోజు పొద్దున సాన్ మార్కో గుడి, దోజ్ (పాత వెనిస్ పాలకుడు) భవనం, ఘంటా గోపురం, మధ్యాహ్నం మురానో, బురానో, సాయంత్రం సాలూతే, రాత్రి రియాల్తో. మూడో రోజు మార్కో పోలో ముంగిలి, పాత యూదుల వాడ, తరువాత రైలు. భోజనానికి సకినాలు, మామిడికాయ తొక్కు, ఒక సీసా నెయ్యి తీసుకుపోదామనుకుంటున్నాము.

పాదువా_జగిత్యాల (పాదువా, ఇటలీ)

అమ్మా, నెయ్యి సీసా ఇంట్లోనే పెట్టి రండి. బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు పాల ఉత్పత్తులు, మాంసం తేకూడదు. సకినాలు, తొక్కు తెచ్చుకోండి.

రెండో రోజు మీరు రాసింది మూడు రోజుల పని. గాజు కొలుములన్నీ 1291లో మురానోకు తరలించారు, నిప్పు భయంతో. బురానో రంగురంగుల ఇళ్ల ఊరు. రెండూ బాగుంటాయి గాని, రానుపోను, దిగడం ఎక్కడం కలిపి సగం రోజుకు మించి పడుతుంది. మొదటి రాకలో వాటిని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. సాన్ మార్కో గుడికి ముందే ఆన్‌లైన్‌లో సమయం తీసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, కాబట్టి చీర కట్టుకున్నవారికి చింత లేదు. ముఖద్వారం మీద నాలుగు కంచు గుర్రాలు కనిపిస్తాయి, అవి నకళ్లు. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నప్పుడు తెచ్చిన అసలువి లోపల పై అంతస్తులో ఉన్నాయి, అక్కడికి మెట్లు నిటారుగా ఉంటాయి. సారు కింద కూర్చుంటే మీరు ఎక్కి రండి. ఘంటా గోపురానికి లిఫ్టు ఉంది. అయితే దాని ముందు వరుస చూస్తే మనసు మార్చుకుంటారు. 2వ నంబరు పడవలో ఎదురుగా ఉన్న సాన్ జోర్జో మజ్జోరే ద్వీపానికి పోతే అక్కడి గోపురానికీ లిఫ్టు ఉంది, వరుస తక్కువ, పైగా అక్కడి నుంచి సాన్ మార్కో మొత్తం కనిపిస్తుంది.

భోజనంలో "శాకాహారం" అంటే చేప తినవచ్చు అనుకునేవారు ఇంకా ఉన్నారు. "సెన్సా కార్నే, సెన్సా పెషే" అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని అర్థం. రిసోత్తో అన్నాన్ని మాంసం రసంలో వండడం సాధారణం, అడగకుండా తినకండి. పిజ్జా మరినారాలో టొమాటో, వెల్లుల్లి, వాము వంటి ఒక ఆకు తప్ప ఏమీ ఉండవు. పొలెంతా అని పసుపుపచ్చగా వస్తుంది, రుచి చూడండి. అది మన మక్క గటుకే. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే వేరే ధర.

కాజీపేట_జంక్షన్ (కాజీపేట)

అక్టోబరు అంటే పోటు నీటి కాలం మొదలైనట్టే, దాన్ని "అక్వా ఆల్తా" అంటారు. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్ల మట్టానికి లేచింది, 2019 నవంబరు 12న 187. అయితే 2020 అక్టోబరు నుంచి మోజే అనే 78 గేట్ల ఏర్పాటు పనిచేస్తున్నది. సముద్రం సరస్సులోకి వచ్చే మూడు ముఖాలను పెద్ద పోటు వచ్చినప్పుడు అది మూసేస్తుంది. మన ప్రాజెక్టుల గేట్లు నీటిని వదలడానికి ఎత్తుతాము, అక్కడ నీటిని ఆపడానికి ఎత్తుతారు. చిన్న పోటుకు మాత్రం సాన్ మార్కో చౌకు తడుస్తుంది, అదే ఊరిలో పల్లం. మడమ పైకి వచ్చే బూట్లు వద్దు, త్వరగా ఆరే చెప్పులు చాలు.

భద్రకాళి_గట్టు (హనుమకొండ)

తిరిగి వచ్చాము. మాట ఇచ్చిన ప్రకారం రాస్తున్నాను.

హోటల్ చిరునామాలో వీధి పేరు లేదు, "కాన్నారెజో" అన్న పేట పేరు, దాని పక్కన నాలుగంకెల సంఖ్య ఉన్నాయి. ఆ ఊరిలో ఇళ్లకు సంఖ్యలు వీధుల వారీగా కాక పేట మొత్తానికి వరుసగా వేశారని, ఆరు పేటలకూ అదే పద్ధతి అని అప్పటికి తెలియదు. ఒక సంఖ్య తరువాతది పక్క సందులో ఉన్నది. అరగంట తిరిగి, చివరకు ఒక రొట్టెల దుకాణం పెద్దాయనకు చీటీ చూపిస్తే, ఆయన మాట్లాడకుండా మా వెనుకే ఉన్న తలుపు చూపించాడు.

మావారు దాటిన వంతెనలు లెక్కపెట్టుకున్నారు, మూడు రోజుల్లో ముప్పై ఒకటి. పడవ టికెట్ వల్ల అంతటితో పోయింది. గంట ముందే వరుసలో నిలబడే ఓపిక లేక దోజ్ భవనం లోపలికి పోలేదు, విచారం లేదు. సాన్ జోర్జో గోపురం మీద మేమిద్దరం, ఇంకొక జంట మాత్రమే ఉన్నాము.

మార్కో పోలో ముంగిలికి మూడో రోజు పొద్దున ఏడున్నరకు పోయాము. ముంగిలి అంటే మన పాత ఇళ్ల వాకిలి అంతే ఉన్నది. ఎవరో పై కిటికీ నుంచి తాడు మీద బట్టలు ఆరేస్తున్నారు, నీళ్లు బొట్లు బొట్లుగా మా ముందు పడుతున్నాయి. ఒక సందు ముఖద్వారానికి రాతి కమాను ఉన్నది, దాని మీద జంతువుల బొమ్మలు చెక్కారు. మావారు చేయి చాపి, తగలకుండా, కోట కీర్తి తోరణం మీది హంసల వంటివే చూడు అన్నారు. అవి హంసలు కావు. ఆయనను నేను సరిదిద్దలేదు.

మానేరు_తీరం (కరీంనగర్)

వచ్చే ఏడాది మా అమ్మానాన్నలను తీసుకుపోదామనుకుంటున్నాను, ఈసారి ఊరిలోనే గది. మీ హోటల్లో లిఫ్టు ఉన్నదా మేడమ్?

భద్రకాళి_గట్టు (హనుమకొండ)

లేదు బాబూ. వంతెనలు లెక్కపెట్టి గది తీసుకున్నాము గాని లోపలి మెట్లు అడగడం మరిచిపోయాము. మూడో అంతస్తు, యాభై రెండు మెట్లు. మీరు గది ఖాయం చేసుకునే ముందే అడగండి.